అయ్యవారి రక్తపోటుకు ఇన్‌స్పెక్షను

ఎర్రగుట్టపల్లె ఆసుపత్రి,
12-4-1962

మా అయ్యవారు బయ్యన్న గారికి, మీ చేత ఐదేళ్ళు బెత్తం దెబ్బలు తిని డాక్టరైన దివాకర్ నమస్కారాలు.

మొన్న బస్సు పోతుందని నా మాట సగంలోనే లేచిపోయారు. మిగతా సగం రాస్తున్నాను. మీ రక్తపోటు నూట తొంభై ఉంది. నొప్పేమీ లేదు కదా అన్నారు. ఈ జబ్బుకు నొప్పి ఉండదు అయ్యవారూ, దీంతో వచ్చిన తంటా అదే. పక్షవాతంతో పడిపోయిన దినం వరకూ మీ అన్నగారికీ ఏ నొప్పీ లేదు.

మాత్ర రోజుకొకటి, పొద్దున్నే. బాగున్నా మింగాలి. ఒకరోజు మరిచిపోతే మరునాడు రెండు మింగకూడదు. నన్నడగకుండా మానకూడదు. ఉప్పు, ఊరగాయ తగ్గించాలి. రెండు నెలలకు సరిపోయే అరవై మాత్రలు ఇచ్చాను. జూన్ పదో తేదీన వచ్చి మళ్ళీ పరీక్ష చేయించుకోండి.

మీ శిష్యుడు,
దివాకర్

తా.క.: మాత్ర మింగిన ప్రతిరోజూ ఒక కాగితం మీద గుర్తు పెట్టుకుంటే మరిచిపోరు.

---

బెళుగుప్ప,
19-4-1962

చిరంజీవి దివాకర్‌ను రిటైర్డు హెడ్మాస్టరు బయ్యన్న దీవించి రాయునది.

నీ ఉత్తరం చేరింది. నీ దస్తూరి ఐదో తరగతిలో ఎట్లుండెనో ఇప్పుడూ అట్లే ఉంది. డాక్టరువు కాబట్టి సరిపోయింది గానీ, గుమాస్తావైతే ఉద్యోగం ఊడేది.

నా గురించి నీకు బెంగ వద్దు. ముప్పై రెండేండ్ల సర్వీసులో ఒక్క ఇన్‌స్పెక్షనులోనూ చెడ్డ రిమార్కు రాయించుకోలేదు. జూన్ పదికి కూడా రాయించుకోను. పదో తేదీ ఖాయమే కదా? పొద్దున్నా, మధ్యాహ్నమా? వివరంగా రాయి.

ఊరగాయ జాడీని మా ఇంటావిడ సుబ్బరత్నమ్మ అటకెక్కించింది. నిచ్చెన ఇంట్లోనే ఉంది, భయం లేదు.

ఆశీస్సులతో,
బయ్యన్న

తా.క.: నువ్వు చెప్పినట్లే హాజరుపట్టీ గీసినాను. మళ్ళీ మరిచిపోతానేమోనని జూన్ పది వరకు గళ్ళన్నీ ఈపొద్దే నింపేసినాను.

---

ఎర్రగుట్టపల్లె,
12-6-1962

పూజ్యులైన అయ్యవారికి నమస్కారాలు.

మీ తా.క. చదివి కడుపుబ్బ నవ్వాను. మీ హాస్యం ఇంకా పోలేదు. మొన్న మిషనులో నూట ముప్పై చూసి నా కళ్ళు నేనే నమ్మలేదు. ఇంత క్రమశిక్షణ గల రోగి ఈ చుట్టుపక్కల ఎవరూ లేరు.

మీ ఊరివాళ్ళే, ఆదెప్ప, తిప్పమ్మ అని ఇద్దరున్నారు. ఇద్దరికీ రక్తపోటే, ఇద్దరూ నా మాట వినరు. మీ దగ్గరికి పంపుతున్నాను. మందు ఎలా వాడాలో మీరే నేర్పించాలి.

గర్వంతో,
దివాకర్

తా.క.: మీ గుట్టేమిటో నాకూ చెప్పండి.

---

బెళుగుప్ప,
25-6-1962

చిరంజీవి దివాకర్‌కు దీవెనలు.

నువ్వు పంపిన విద్యార్థులు చేరినారు. ఆదెప్ప మొద్దు. అరుగు మీద కూర్చున్నాడో లేదో, "ఏమప్పా అయ్యవారూ, ఈ మాత్ర దినామూ మింగల్లంటనే, నిజమేనా?" అన్నాడు. "మింగేది ఎప్పుడో నేను చెప్తా, అంతదాకా నోరు మూసుకో" అన్నాను. తిప్పమ్మ తెలివైనది. చెప్పకముందే అర్థం చేసుకొంది.

ఇద్దరినీ పాసు చేయించే పూచీ నాది. ఆగస్టు పదే కదా?

బయ్యన్న

తా.క.: గుట్టేమీ లేదు నాయనా. తేదీ ముందుగా తెలిస్తే ఎవరైనా పాసవుతారు.

---

ఎర్రగుట్టపల్లె,
14-10-1962

అయ్యవారికి అనేక నమస్కారాలు.

ఆగస్టులోనూ, మొన్న పదో తేదీనా ముగ్గురికీ బ్రహ్మాండమైన లెక్కలు! ఊరుకోలేక పైఆఫీసుకు మీ గురించి రాశాను. అదే కొంప ముంచింది. మా తనిఖీ ఆఫీసరు ఇరవై నాలుగున వస్తున్నాడు. ఈ ఏడాది కురిసిన ఒక్క వానా సరిగ్గా మా స్టోరు గదిలోనే కురిసింది. మాత్రల సీసాలు రెండు తడిసి పాడైపోయాయి. అప్పుడే పైకి రాసుండాల్సింది, భయపడి రాయలేదు. ఇప్పుడు రెండు వందల మాత్రలు తక్కువ.

అడగడానికి సిగ్గుగా ఉంది. లోటు కొంతైనా పూడ్చడానికి, మీ దగ్గర పదో ఇరవయ్యో ఉంటే ఒక్కరోజుకు పంపగలరా? ఇన్‌స్పెక్షను బాధ మీకు తెలియనిది కాదు.

మీ దివాకర్

తా.క.: ఈ రోజు మాత్ర మాత్రం మింగాకే పంపండి!

---

బెళుగుప్ప,
18-10-1962

చిరంజీవి దివాకర్‌కు,

ఒరే పిచ్చోడా, దీనికింత గాబరా ఎందుకు? బస్సు కండక్టరు బాలప్ప చేతికి బిస్కత్తుల డబ్బా ఇచ్చి పంపుతాండాను. అందులో మూడు వందల ఇరవై రెండు మాత్రలుండాయి. నావి, ఆదెప్పవి, తిప్పమ్మవి. అన్నీ కొత్తవే, ఎవరూ కొరికింది లేదు.

యాడివని అడుగుతావేమో. మన సీమలో ఇంటికొచ్చిన వస్తువును వచ్చినట్లే ఖర్చు పెట్టేవాడుంటాడా? రేపు మందుకూ కరువొస్తే ఏం తినల్ల? అందుకే ఒంట్లో బాగున్న రోజులన్నీ దాచిపెడతాము. నీ పరీక్షకు వారం ముందునుంచి రోజుకు రెండు. అంతే! బడిలో నేను చేసినదీ ఇదే కదా. ఏడాదంతా చెదలు పట్టిన గోడలకు ఇన్‌స్పెక్టరు వచ్చే వారం సున్నం కొట్టించలేదా?

ధైర్యంగా ఉండు. మనం ఫెయిలయ్యే రకం కాదు.

బయ్యన్న

తా.క.: మొన్న నీ దగ్గరికి వచ్చేటప్పుడు తిప్పమ్మ "తల తిరగతాండాది అయ్యవారూ" అని బస్సులో కూలబడింది. కానీ నూట ఇరవై వచ్చింది. క్లాసు ఫస్టు!

---

28-10-1962

అయ్యవారికి,

డబ్బా చేరింది. మూత తీసి మాత్రలు రెండుసార్లు లెక్కపెట్టాను. మీరు ముగ్గురూ బతికి ఉండటం నా వైద్యం వల్ల కాదు, మీ అదృష్టం వల్ల.

ఆ మాత్రలు అరలో పెట్టలేదు. తనిఖీ ఆఫీసరుకు ఖాళీ సీసాలే చూపించి నిజం చెప్పాను. మెమో ఇచ్చాడు. ఇవ్వనీండి. నాకు మీ మీద కోపం లేదు, నా మీద నాకే ఉంది. ఆరు నెలలుగా మిషను చూశాను గానీ మిమ్మల్ని చూడలేదు. మీ అన్నగారిని మంచంతో సహా బండిలోకి ఎక్కించిన నలుగురిలో నేనొకణ్ణి. మిమ్మల్నీ అలా ఎక్కించే ఓపిక నాకు లేదు అయ్యవారూ.

మీ ముగ్గురికీ కొత్త మాత్రలు తెచ్చాను. డబ్బాలోవి ఇక వద్దు. మళ్ళీ రోజుకొకటి, ఒకటంటే ఒకటే. ఇకమీదట పరీక్షకు తేదీ ఉండదు.

మీ దివాకర్

తా.క.: ఈ ఉత్తరానికి స్టాంపు లేదేమని చూస్తున్నారా? పోస్టులో రాలేదు. మీ చేతికిచ్చిన సుబ్బరత్నమ్మగారిని అడగండి. మిషను ఒళ్ళో పెట్టుకొని మీ అరుగు మీద కూర్చుని ఉన్నాను. తొందరేమీ లేదు, మెల్లగా లేచి బయటికి రండి.