ముందుమాట రాసే దొర

అక్టోబర్ 2009, ఆదివారం రాత్రి, ప్లెయిన్స్‌బరో, అమెరికా

నువ్వు పిరికివాడివి. మైకు ముందు పులివి, సంతకం దగ్గర పిల్లివి. ఇది నాకు నేనే రాసుకుంటున్నాను.

ఈరోజు సాహిత్య సభలో గంటసేపు దంచాను. తొలినాటి అమెరికాలో తప్పించుకొచ్చిన బానిస తన కథ రాసుకుంటే, 'నిజంగా ఇతనే రాశాడు' అని ఒక తెల్లదొర ముందుమాటలో పూచీ పడాల్సి వచ్చేదన్నాను. "తన బతుక్కి ఇంకొకడి సర్టిఫికెట్ ఏమిటి?" అని బల్ల గుద్దాను. చప్పట్లు.

తర్వాత టీ దగ్గర, మా కంపెనీలోనే పనిచేసే శారద ఒక కాగితం తీసింది. మేం ఉద్యోగం మారకుండా కంపెనీ మా డిగ్రీ ఒరిజినల్స్ బీరువాలో పెట్టుకుందని లేబర్ డిపార్ట్‌మెంట్‌కి ఫిర్యాదు. అప్పటికే ఐదు సంతకాలున్నాయి.

"అన్నా, సైన్ చెయ్యి."

"గ్రీన్ కార్డ్ రానీ, చూద్దాం."

"అప్పటిదాకా నీ ముందుమాట మన ఓనరే రాస్తాడులే అన్నా!"

అందరూ నవ్వారు. సిగ్గులేక నేనూ నవ్వాను.

సంతకం చేశానని కంపెనీ నా గ్రీన్ కార్డ్ ఫైల్ వెనక్కి తీసుకుంటే? మా పెద్దమ్మాయికి మార్చిలో ఇరవై ఒకటి నిండుతాయి. ఆలోపు గ్రీన్ కార్డ్ రాకపోతే పిల్ల నా వీసా మీద ఇక్కడ ఉండలేదు. ఆ బానిసల గొలుసులతో నా వీసాని పోల్చడం అన్యాయమే, ఒప్పుకుంటాను. కానీ తమ కథ రాసుకున్న ఆ బానిసలకి మాత్రం పిల్లలు లేరా...

కంపెనీ చెయ్యాల్సినవీ, నేను చెయ్యాల్సినవీ ఇవి:

ఎవరి ఒరిజినల్స్ వాళ్లకి ఇచ్చెయ్యాలి.

సంతకం చేసినవాళ్ల ఫైళ్లు ఆపకూడదు.

ఉదయమే శారదకి ఫోన్ చెయ్యాలి.

ఆరో పేరు నాది కావాలి.