రెండు సంచులు

సెప్టెంబర్ 14, ఆదివారం

ఉల్లిపాయలు బాగా ఆరాయి. కాడలు కత్తిరించి కాగితం సంచిలో పోశాను. డాఫడిల్ పూల దుంపలు కూడా వచ్చాయి, చూడ్డానికి అచ్చం ఉల్లిపాయల్లానే ఉన్నాయి. ఏప్రిల్‌లో పూలు కావాలంటే ఈ నెలలోనే పాతాలి. వాటినీ అలాంటి సంచిలోనే పోసి, గరాజ్‌లో రెండూ పక్కపక్కనే పెట్టాను. టమాటాలు ఇంకా పచ్చివే. మొక్కల్ని మాడ్చేసే విస్కాన్సిన్ మంచు చెప్పి రాదు.

సెప్టెంబర్ 16

మా ఆయన వెర్లిన్ నన్నడగకుండా పక్కింటి ఐడెల్లాకు ఉల్లిపాయల సంచి ఇచ్చొచ్చాడు. కంచె మీదికి వాలిన ఆవిడ లైలాక్ పూలచెట్టు కొమ్మలు నేను నరికినప్పటి నుంచి, రెండేళ్లుగా మాకు మాటల్లేవు. నిన్నెవరు వెళ్లమన్నారని మొగుడి మీద విరుచుకుపడ్డాను. నువ్వు వెళ్లవు, ఆవిడ రాదు, ఉల్లిపాయలకేం పంతం అన్నాడు.

సెప్టెంబర్ 17, ఉదయం 9:40

దుంపలు పాతుదామని సంచి విప్పాను. లోపల ఉల్లిపాయలు.

డాఫడిల్ దుంప విషం. ఐడెల్లా ఫోన్ ఎత్తడం లేదు. వెళ్తున్నా.

మధ్యాహ్నం 3:00

ఇప్పుడే ఇంటికొచ్చాను.

ఆవిడ ఇంటి వెనక తలుపు తీసే ఉంది. వంటింటి నేల మీద బకెట్ పట్టుకుని కూర్చుంది. దుంప ఒకటి తరిగి గుడ్లలో వేయించుకుందట. రెండు ముద్దలకే నోరు మండిపోయిందట. డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి. నన్ను చూసి, అప్పుడు నా చెట్టు, ఇప్పుడు నేనా అంది.

ఫోన్ చేస్తే పాయిజన్ హెల్ప్‌లైన్ వాళ్లు ఎంత తింది, ఎప్పుడు తింది అని అడిగారు. గుక్కెడు గుక్కెడు నీళ్లు పట్టమన్నారు. వాంతులు ఆగకపోతే ఆస్పత్రికే అన్నారు. వెర్లిన్ కారు స్టార్ట్ చేసుకుని బయటే కూర్చున్నాడు. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు పాపం. నేను ఆవిడ నుదురు పట్టుకుని కూర్చున్నాను. కొమ్మలు అడక్కుండా నరకడం నా తప్పేనన్నాను. నరికితే నరికావు, నిండా పూలున్నప్పుడా నరికేది అంది. వెంటనే మళ్లీ వాంతి. అదే ఆఖరుది. లేవదీసి ముందుగదిలో సోఫా మీద పడుకోబెట్టాను.

ఒంటిగంటకి టోస్ట్ ఉందా అని అడిగింది. టోస్ట్ ఇంత చక్కటి మాటని నాకు తెలియదు. వంటింట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చి, రెండు ముక్కలు కాల్చి తెచ్చాను.

సెప్టెంబర్ 18

పొద్దున్నే ఐడెల్లా కిటికీ తెర పక్కకి జరిగింది. అమ్మయ్య.

సెప్టెంబర్ 20

దుంపలు పాతాం. కంచెకి అటు సగం, ఇటు సగం, ఒకటి తక్కువ. ఐడెల్లా కుర్చీ వేసుకుని కూర్చుని, గుంట లోతు చాలదు, మొన పైకి ఉండాలి, నీకు మొన ఏదో కూడా తెలీదా అని వెర్లిన్‌ని వాయించింది. ఉల్లిపాయకీ దీనికీ తేడా తెలియని వాడికి మొనేం తెలుస్తుందిలే అని మళ్లీ తనే అంది. అతను అలాగేనండీ అంటూ ఒక్కో దుంపా తిప్పి పెట్టాడు.

సెప్టెంబర్ 28

గుమ్మంలో ఆపిల్ జామ్ సీసా. మూత మీద ఐడెల్లా రాత: తిని చూశాను. బతికే ఉన్నాను.