స్విమ్మింగ్ పూల్‌కి మూత

మంగళవారం, రాత్రి

మనవరాలికి నడక వచ్చింది. "నీళ్లన్నా తీసేయి, పూల్‌కి మూతన్నా ఏయించు నాయనా" అని మా అమ్మాయి పది రోజులుగా ఒకటే పోరు. దాని భయం దానిది. కానీ సుజాత పోయే ముందు రోజు కూడా ఈదిన నీళ్లవి, ఎలా తీసేయను?

నగరి దగ్గర వాళ్ల తోట బావిలో, నడుముకి ఎండు సొరకాయ కట్టుకుని ఈత నేర్చుకున్న మనిషి. మోకాళ్లు అరిగి మెట్లెక్కలేకపోయినా, నీళ్లలో దిగితే నొప్పి మరిచిపోయేది. ముప్పై అయిదేళ్ల కాపురంలో నాకు మాత్రం ఈత రాలేదు. టవలు పట్టుకుని గట్టు మీద నిలబడేవాణ్ణి.

ఈ రోజు తిరుపతి వెళ్లాను. షాపతను ప్లాస్టిక్ పట్టీలు ఒకదానికొకటి తగిలించి చూపించాడు. చాపలా చుట్టుకుంటుందట. తెలుపు, నీలం, బూడిద. ఏదీ నచ్చలేదు. నీళ్లు కనబడేది కావాలంటే, అద్దంలాంటి పట్టీలు తీశాడు. అదే ఖాయం చేశాను.

అప్పుడు మూతని నడిపే మోటారు తాళంచెవి చూపించి అన్నాడు: "ముయ్యాలంటే దీన్ని తిప్పి పట్టుకోనే ఉండాల సార్. వదిలితే ఆడికే నిలిచిపోతాది. నీళ్లల్లో ఎవురూ లేరని సూసుకుంటా ముయ్యాల."

"దానంతట అదే మూసుకునేది లేదా అబ్బా?"

"లేదు సార్. ఎవురో ఒకరు నిలబడి సూడాల్సిందే."

ఏం రూలో ఏమో, ఒళ్లు మండింది.

సాయంత్రం ఇంటికొచ్చి, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి చూశాను. ఎప్పుడు తెచ్చుకున్నానో, చేతిలో టవలు ఉంది.

నీళ్లలో ఎవరూ లేరు.