పద్నాలుగో నంబరు గది గురించి బైండరూ విద్యార్థీ కలిసి పెట్టుకున్న విన్నపం

విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గ్రౌండ్ ఫ్లోరు వెనుక వైపున గల పద్నాలుగో నంబరు గదిని విద్యార్థుల గదిగా మార్చుచూ తమరు జారీ చేసిన ఉత్తర్వును కొంత ఆపి, కొంత అమలు చేయవలసిందిగా కోరుట గురించి.

సూచిక: (అ) తమ ఉత్తర్వు. (ఆ) ఆ ఉత్తర్వుకు మూలమైన విద్యార్థి సూచన. రెండోది రాసింది నేనే.

పై విషయమై సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను ఈ గ్రంథాలయంలో పందొమ్మిది సంవత్సరాలుగా బైండరుగా పనిచేయుచున్నాను. గత మూడేళ్లుగా ఇదే విశ్వవిద్యాలయంలో సాయంకాలపు తరగతులలో చరిత్ర కూడా చదువుచున్నాను. కావున నాకు గుర్తింపు కార్డులు రెండు కలవు. రెండు ఫోటోలలోనూ మనిషి ఒక్కడేనన్న సంగతిని ఆఫీసు వారు ఇంతవరకూ ఒప్పుకోలేదు. కొత్త గదుల గురించి సిబ్బంది సమావేశంలో నోరు తెరవబోతే "నువ్వు స్టూడెంటువి కదయ్యా, మీవాళ్ల మీటింగులో చెప్పుకో" అన్నారు. విద్యార్థుల సమావేశానికి వెళితే "మీరు స్టాఫ్ కదండీ" అంటూ కుర్చీ వేసి, టీ ఇచ్చి, మర్యాదగా మాట్లాడనివ్వలేదు.

2. గ్రంథాలయం ఎలా ఉండాలో విద్యార్థులనే అడిగి మార్చాలని తమరు తలపెట్టడం చాలా మంచి పని. ఇది ముఖస్తుతి కాదు. లోగడ ఎవరినీ అడక్కుండా కొన్న గుండ్రటి మెత్తటి ఆసనాలు తమకు గుర్తుండే ఉంటాయి. వాటిలో ఒకదానిలో కూర్చున్న ప్రొఫెసరు గారిని లేపడానికి నేనూ స్టోర్‌కీపరూ చెరొక చెయ్యి పట్టుకోవలసి వచ్చింది. విద్యార్థులు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నది ఫోను చార్జింగు ప్లగ్గుల గురించి. అందుచేత ఈసారి అడగడం సబబే. నన్ను అడిగినప్పుడు మాత్రం కొంచెం పొరపాటు జరిగింది.

3. సదరు పొరపాటు వివరాలు: విద్యార్థులందరికీ ఒక ఫారం ఇచ్చారు. దానిమీద పేరు రాయనక్కరలేదు, విద్యార్థి నంబరు వేస్తే చాలు. "క్రింది గదులలో విద్యార్థులకు ఉపయోగపడనిది ఏది? దానిని ఏమి చేయవలెను?" అని ప్రశ్న. గదులకు నంబర్లు తప్ప పేర్లు లేవు. పద్నాలుగుకు ఎదురుగా "గ్రౌండ్ ఫ్లోరు, వెనుక వైపు" అని మాత్రం ఉంది. వెనుక వైపున ఉన్నవి రెండే గదులు. ఒకటి విరిగిన కుర్చీలు పడేసిన గది, రెండోది మా బైండింగు గది. మా గదికి నంబరు ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. దాన్ని అందరూ బైండింగు అంటారు, అంతే. కాబట్టి పద్నాలుగంటే కుర్చీల గదేనని తీర్మానించుకుని ఈ విధంగా రాశాను:

"ఈ గదిలో ఏళ్ల తరబడి కదలక మెదలక పడి ఉన్నదాని వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. దానిని గేటు దగ్గరకు తరలించవలెను. కిటికీలు తెరిచి, పెద్ద బల్ల వేసి, విద్యార్థులు నోరు విప్పి చదువుకునే గదిగా మార్చవలెను."

4. ఆ ఫారాలు చదివి ఎంపిక చేసిన విద్యార్థుల సంఘానికి కార్యదర్శి మా అమ్మాయే. ఇక్కడే డిగ్రీ రెండో సంవత్సరం. ఒకరోజు అన్నాల దగ్గర "నాన్నా, ఇవాళ ఒక సూచన చదివాం. ఎవరు రాశారో గానీ ఎంత బాగా రాశారో" అంది. నేను లోలోపల మురిసిపోయి, పైకి గుంభనంగా ఊరుకున్నాను. "ఇంతకీ ఆ పద్నాలుగో గది ఏది నాన్నా?" అని అడిగింది. "విరిగిన కుర్చీల గదమ్మా. పందొమ్మిదేళ్లుగా ఉంటున్నవాణ్ణి, నాకు తెలియదా?" అన్నాను. దాంతో సంఘం నిశ్చింతగా సంతకాలు చేసింది. కనుక పిల్లల తప్పేమీ లేదని ఇందుమూలంగా ధ్రువీకరించుచున్నాను.

5. ఆ సూచనకు మొదటి బహుమతి వచ్చింది. మంచినీళ్ల సీసా ఇచ్చారు. సూచనను అందంగా టైపు చేయించి ముందు హాల్లో గోడకు అంటించారు. మూడు రోజుల తరువాత స్టోర్‌కీపరు తమ ఉత్తర్వు పట్టుకుని మా గదికి వచ్చాడు. "ఇది కుర్చీల గదికి కదా" అన్నాను. ఆయన గుమ్మం మీది "బైండింగు" బోర్డును ఇంత ఎత్తి పట్టుకున్నాడు. దాని కింద పద్నాలుగు ఉంది. ఆ బోర్డు నాకు ముందున్న పాత బైండరు తగిలించినది. దానికి అంటించిన గుడ్డ రెండుసార్లు మార్చాను గానీ కింద ఏముందో ఏనాడూ చూడలేదు. కుర్చీల గదికి అసలు నంబరే లేదట.

6. తమ ఉత్తర్వులో నా సూచనను పొల్లు పోకుండా పాటించారు. బైండింగు పని బయటి వారికి అప్పగించి, కదలక మెదలక పడి ఉన్న నన్ను గేటు దగ్గరకు, అనగా సంచులు తనిఖీ చేసే కౌంటరుకు తరలించుచున్నారు. ఇంట్లో చెబితే మా ఆవిడ చాలాసేపు నవ్వి, "పరీక్షలో రాయాల్సిన తెలివంతా ఆ ఫారంలో రాసొచ్చావా" అంది.

7. పరీక్ష మాట వచ్చింది గనుక ఇది కూడా తమ దృష్టికి తేవలసి ఉన్నది. చరిత్ర రెండో పేపరు నేను రెండుసార్లు తప్పాను. ఇంకొక్క అవకాశమే ఉంది, ఏడు వారాలలో. నాకు పైకి చదివితేనే బుర్రకెక్కుతుంది. రీడింగు హాల్లో పెదవి కదిపితే "ష్" అంటారు. ఇంట్లో ఉన్నవి రెండు గదులు, ఒకదానిలో టీవీ, ఇంకొకదానిలో మా అమ్మ. ఆవిడ నేను చదివే ప్రతి రాజు గురించీ "వాడు ఎవరబ్బాయిరా?" అని అడుగుతుంది. అందుకని మధ్యాహ్నం విరామంలో, జిగురు ఆరేలోపు, మా గదిలోనే పైకి చదువుకుంటున్నాను. నోరు విప్పి చదువుకునే గది కావాలని ఫారంలో రాసినప్పుడు అలాంటి గదిలోనే కూర్చుని ఉన్నానని నాకు తట్టలేదు. ఉన్నదాన్నే అడుక్కుని, ఉన్నదాన్నే పోగొట్టుకున్నాను. నాకు చాలా బాధగా ఉందండీ. దీనిని ఆఫీసు భాషలో ఎలా రాయాలో తెలియలేదు.

8. లెక్కల విషయం. ఏ గదిలో ఎందరు చదువుతున్నారో చూడడానికి ఒక విద్యార్థిని కాగితం పట్టుకుని వచ్చింది. అప్పుడు నేను రెండో పేపరు మూడో పాఠం గట్టిగా చదువుతున్నాను. ఆమె "హాజరు: ఒకరు. చదువుచున్నవారు: లేరు" అని రాసుకుంది. అదేమిటమ్మా అంటే "మీరు స్టాఫ్ కదా అంకుల్. స్టాఫ్ చదివితే లెక్కలోకి రాదు" అంది. అదే లెక్కలో మా బల్ల దగ్గరకు వచ్చే పరిశోధక విద్యార్థులు కూడా లేరు. వారు సిద్ధాంత వ్యాసాలు బైండింగుకు ఇచ్చి, కుట్టు పూర్తయ్యేదాకా బెంచీ మీద కూర్చుని, తాము రాసింది తొలిసారి తీరిగ్గా చదువుకుంటారు. ఒకాయన ఆరేళ్ల పరిశోధనలో నాలుగో అధ్యాయం రెండుసార్లు ఉందని, ఐదో అధ్యాయం లేదని తెలిసింది మా బల్ల మీదే. ఆయన అరగంట తల పట్టుకున్నాడు. దారం విప్పి, ఐదోది పెట్టి, మళ్లీ కుట్టాను. బయటి వారికి ఇస్తే అట్ట బ్రహ్మాండంగా వేస్తారు, కాదనను. నాలుగో అధ్యాయం రెండుసార్లు ఉందని మాత్రం చెప్పరు.

9. కావున నా ప్రార్థన ఏమనగా, విద్యార్థిగా నా సూచనను నేను వెనక్కి తీసుకోవడం లేదు. అది మంచి సూచన, బహుమతి కూడా వచ్చింది. బైండరుగా నన్ను తరలించవద్దని కోరుచున్నాను. ఈ రెండూ ఒకే గదిలో కుదురుతాయి. మా బల్ల పన్నెండు అడుగులు, నాకు ఆరు చాలు. మిగతా ఆరడుగులూ పిల్లలకు ఇచ్చి, రెండు ప్లగ్గులు పెట్టించి, బెంచీలు ఇంకో రెండు వేయించగలరు. కటింగు మిషను దగ్గరకు ఎవరినీ రానివ్వను. మా గదిలో మాట్లాడవద్దని నేను ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు, ఇక ముందూ చెప్పను. విరిగిన కుర్చీలను గేటు దగ్గరకు తరలించవచ్చును. వాటికి అభ్యంతరం ఉండదు.

10. తమరు ఇక్కడికి వచ్చిన ఈ మూడేళ్లలో మా గదికి ఒక్కసారి దయచేశారు, అదీ దారి తప్పి. ఈసారి దారి తెలిసే రావలసిందిగా కోరుచున్నాను. బోర్డు ఎత్తి కట్టాను, నంబరు కనిపిస్తుంది.

ఇద్దరి మొరనూ ఒక్కటిగా చిత్తగించవలెనని వేడుకొనుచూ,

తమ విధేయులు,
బైండరు (సంతకం)
చరిత్ర విద్యార్థి, తృతీయ సంవత్సరం (అదే సంతకం)

తా.క.: ఈ అర్జీ మడతపెడుతుండగా విద్యార్థుల సంఘం వారు గది కొలవడానికి వచ్చారు. టేపు ఒక కొస మా అమ్మాయి పట్టుకుంది, రెండో కొస నేను పట్టుకున్నాను. కొలత అయ్యాక ఆమె నావైపు చూడకుండా ఒక ఫారం నింపి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. దానిని ఇందుతో జతపరుచుచున్నాను. అందులో "గదిలో ఉంచవలసినవి" అనే గడిలో పెద్ద బల్ల, కటింగు మిషను, ప్రెస్సులు రెండు అని రాసి, ఆ కింద "నాన్న" అని రాసి, దానిని కొట్టివేసి, "బైండరు" అని రాసి ఉన్నది. కొట్టివేతలను ఆఫీసు వారు లెక్కలోకి తీసుకోరని నాకు తెలుసు. తమరు దయచేసి ఆ కొట్టివేసినదాన్ని కూడా చదవవలెను.