కాళ్ళదాకా చేరని మాట

బుజ్జమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పీచు తాడు పేనే నా వేళ్ళు మొద్దుబారిపోతుంటే అమలాపురం వెళ్ళాను. డాక్టరమ్మ నరాల పరీక్షకని నా చేతికి తీగలు అంటించింది.

"కరెంటు ఎప్పుడు పెడతారండీ?" అనడిగాను.

"పెట్టేసేనండీ. తెలీలేదా?"

మెదడు చెప్పిన మాట నరాల్లో సన్నటి కరెంటులా పోతుందట. నరం మీది పొర చెడితే దారిలోనే ఆగిపోతుందట. నీ జబ్బు కాగితాలు చూపించాను. నీకు జరిగింది అదేనంది.

"అమ్మా, కాళ్ళు నా మాట వినట్లేదే" అన్నావు ఆ రోజు.

"పరీక్షలనేసరికి వేషాలొచ్చేయా?" అని తిట్టాను. దిష్టి తీసి పడుకోబెట్టాను. రెండు రోజులు ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. తీసుకెళ్ళేసరికి ఊపిరి కూడా నీ మాట వినలేదు.

నువ్వు అబద్ధమాడలేదు. ఇది తెలిశాక కూడా నాకు ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి నీకిష్టమైన పనసపొట్టు కూర వండి నీ ఫొటో ముందు పెట్టాను. కడుపునిండా తినమ్మా.