రెండో పుల్లమ్మ

చర్ల,
మార్చి 9, 1987.

పెనుబల్లి బడి పిల్లలందరినీ గడగడలాడించే మా లెక్కల టీచరమ్మ ప్రమీలక్కకి,

పదో తరగతి లెక్కల్లో నాకు ఇరవై రెండు మార్కులు వచ్చిన రోజు నువ్వెంత నవ్వావో గుర్తుందా? నర్సునైతే లెక్కల పీడ వదులుతుందనుకున్నాను. ఇప్పుడు ఆ లెక్కే నా కొంప ముంచింది. అమ్మకి మాత్రం చెప్పకు.

మా డాక్టరు వెంకటప్పయ్య గారికి ఒక అనుమానం. పుట్టిన బిడ్డ ఎడమ చేతికి వేసే క్షయ సూది ఒక్క క్షయనే ఆపుతుందా, లేక విరేచనాలనీ దగ్గుజ్వరాన్నీ తట్టుకునే బలం కూడా ఇస్తుందా అని. మందు చల్లగా ఉంచే ఐసు పెట్టె మాకు ఒక్కటే. అందుకని వాగుకి ఇవతలి ఆరు ఊళ్ళకే సూది అందుతోంది, అవతలి ఆరు ఊళ్ళూ ఎదురుచూస్తున్నాయి. ఇటు రెండు వందలు, అటు రెండు వందల మంది పిల్లల పేర్లు రాసుకుని, మూడు నెలలకోసారి ఎవరున్నారో చూడటం నా పని. రెండేళ్ళలో ఇటు ఆరుగురు పోతే అటు పదముగ్గురు పోయారు. ఒక్కరూ క్షయతో పోయినవాళ్ళు కారు. ఈ నెలలో ఖమ్మం మీటింగులో ఈ లెక్క నిలబడితే అవతలి ఊళ్ళకి రెండో పెట్టె, ఒక జీపు ఇస్తారట.

నిన్న వాగు దాటి, పుల్లమ్మ అనే పిల్ల తల్లి జంపక్క ఇంటికి వెళ్ళాను. ఎప్పటిలాగే "పుల్లమ్మ ఉందా?" అని అడిగాను. "అవ్, ఉంది" అంది. టిక్కు పెట్టబోతూ ఒళ్ళో పిల్లని చూశాను. నా పుస్తకంలో పుల్లమ్మకి పందొమ్మిది నెలలు. ఈ పిల్లకి ఇంకా పళ్ళే రాలేదు.

"గిదేంది జంపక్కా, ఇంత చిన్నగుంది?"

"ఆ పుల్లమ్మ విరేచనాలై పోయింది గద నర్సమ్మా. గిది ఆ నెలలనే పుట్టింది. పోయిన పిల్లే మల్ల వచ్చిందని మేం గదే పేరు పెడ్తం" అంది.

టిక్కు పెట్టకుండానే పుస్తకం మూసేశానక్కా. పోయిన పిల్లలు నా పుస్తకంలో ఇంకా ఎంతమంది బతికున్నారో! చెబితే మొత్తం లెక్క కొట్టేస్తారు, అవతలి ఊళ్ళకి సూది రాదు. చెప్పకపోతే నాకు నిద్ర రాదు. ఏం చెయ్యను?

నీ మొద్దు చెల్లి,
భారతమ్మ

చర్ల,
ఏప్రిల్ 14, 1987.

ఒక్క మాట రాయడానికి కార్డు మొత్తం దండగ చేసిన అక్కా,

"చెప్పెయ్యి" అన్నావు, చెప్పేశాను. డాక్టరు గారు నా పుస్తకాన్ని మొదటి పేజీకి తిప్పారు. తర్వాత "పదమ్మా, మళ్ళీ లెక్కపెడదాం" అన్నారు. పన్నెండు రోజులు పన్నెండు ఊళ్ళూ తిరిగాం. ఈసారి పేరు అడిగి ఊరుకోలేదు. నోరు తెరిపించి పళ్ళు చూశాను, ఇవతలి ఊళ్ళలో చేతిమీద సూది మచ్చ కూడా చూశాను.

ఇటు ఇంకో ఇద్దరు తేలారు. అటు ఇంకో పదకొండు మంది. ఆ పేర్లు రాస్తుంటే ఏడుపు ఆగలేదక్కా. కానీ చూడు, ఇప్పుడు ఇటు ఎనిమిది, అటు ఇరవై నాలుగు! నా తప్పు తేడాని పెంచలేదు, ఇన్నాళ్ళూ దాచిపెట్టింది.

మీటింగులో ఒక ఆఫీసరు "తప్పు చేసిన నర్సు లెక్క ఎట్ల నమ్మాలె?" అన్నాడు. డాక్టరు గారు నోరు తెరిచేలోపే నేను లేచాను. "తప్పు చేసింది నేనే సార్. పట్టుకున్నదీ నేనే" అన్నాను. హాలంతా నవ్వింది, ఆఫీసరు కూడా నవ్వాడు. ఇది ఒక్క వాగు దగ్గరి లెక్కేననీ, ఇంకా చాలాచోట్ల చూడాలనీ డాక్టరు గారు ఒప్పుకున్నారు. అయినా పెట్టె ఇచ్చారు, జీపూ ఇచ్చారు!

నిన్న ఆ జీపు వాగు దాటింది. మొదటి సూది జంపక్క కూతురికే. పిల్ల ఊరంతా వినపడేలా ఏడ్చింది, నేను పళ్ళికిలించుకుని నిలబడ్డాను. పుస్తకంలో 'పుల్లమ్మ, రెండు' అని రాస్తుంటే జంపక్క ఏం రాస్తున్నావని అడిగింది. చదివి వినిపించాను. పిల్ల చెయ్యి ఊదుతూ, "మూడు అని రాసే పని నీకు పడదు నర్సమ్మా. ఈ పేరు ఇగ ఎవ్వలకు పెట్ట. గిది దీనిదే" అంది.

లెక్క తప్పని నీ చెల్లి,
భారతమ్మ