వేలెడు ఖాళీ

డబ్బాల ఫ్యాక్టరీ ఫిర్యాదుల అధికారిగారికి నమస్కారం.

మీ ఫ్యాక్టరీ గేటు మా ఇంటికి రెండు వీధుల అవతలే. స్వయంగా వచ్చి చెబుదామంటే ‘ఫిర్యాదులు ఉత్తరం ద్వారా మాత్రమే స్వీకరించబడును’ అని బోర్డు పెట్టుకున్నారు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

వంటే నా బతుకుతెరువు. మూడు నెలల కిందట ఉద్యోగం పోయింది. ఆదివారం ఒక్కసారే వండి, ఫ్రీజర్‌లో దాచి, వారమంతా ఉద్యోగాలకి పోయేవాళ్ళకి అమ్ముదామనుకున్నాను. డబ్బాల కోసం చెప్పులరిగేలా తిరిగాను. గాజువి ధర వినగానే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. స్టీలు డబ్బా మూత గడ్డకట్టి బిగుసుకుపోతే మా ఆయన సుత్తి తెచ్చాడు. మూత వచ్చింది, డబ్బా పోయింది. ప్లాస్టిక్ సంచిలో పోస్తే పులుసు ఫ్రీజర్ అర ఊచల చుట్టూ గడ్డకట్టుకుంది, కూర కావాలంటే అరతో సహా పీకాలి. చివరికి చవగ్గా ఉన్నాయని మీ నీలం మూత డబ్బాలు రెండు డజన్లు కొన్నాను. పొద్దున తలుపు తీసి చూస్తే అన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఇలాగైతే నా కూర ఎవరు కొంటారు, నేనేం తిని బతకను?

ఇట్లు,
నీలం మూతల కొనుగోలుదారు

తా.క. కొత్త మూతలు పంపుతామని మాత్రం రాయకండి. డబ్బాలు లేని మూతలు మా ఇంట్లో ఇప్పటికే పదకొండు ఉన్నాయి.

* * *

గౌరవనీయులైన కొనుగోలుదారు గారికి,

తమ ఫిర్యాదు అందినది. నేను చేరి నెల మాత్రమే అయినందున నిబంధనల పుస్తకం చూసి రాస్తున్నాను. పన్నెండో నిబంధన ప్రకారం డబ్బాను ‘లోపం ఏర్పడిన స్థితిలోనే’ పరిశీలనకు పంపవలెను. కడిగిన డబ్బాలు స్వీకరించబడవు.

ఇట్లు,
ఫిర్యాదుల అధికారి

తా.క. కడగని డబ్బా అంటే మురికి డబ్బా అని అర్థం కాదు. ఇంతకుముందు ఒకరు అలా అర్థం చేసుకున్నారు.

* * *

అయ్యా,

లోపం ఏర్పడిన స్థితి అంటే కూరతో సహా అనే కదా. కోడికూర అంచుదాకా పోసి, గడ్డకట్టించి, మూత లేచాక పాత దుప్పటిలో చుట్టి గేటు కాపలా ఆయన చేతికిచ్చాను. ఆయన చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపలికి పోయాడు. తొందరగా తేల్చండి. ఈ వారం నా దగ్గర కూర కొన్నది ఇద్దరే, అందులో ఒకరు మా తోటికోడలు.

ఇట్లు,
నీలం మూతల కొనుగోలుదారు

తా.క. దుప్పటి కూడా పరిశీలించి ఉంచేసుకోకండి. మా ఆయనకి ఉన్నది అదొక్కటే.

* * *

అమ్మా,

నమూనా అందినది. అయితే మధ్యాహ్నానికి కరిగిపోవడంతో, లోపలి పదార్థం పాడుకాకూడదని పరిశీలన విభాగం వెంటనే చర్య తీసుకున్నది. ఆ హడావుడిలో మూత సంగతి తేలలేదు. ఒక్క నమూనాతో నిర్ణయానికి రావడం న్యాయం కాదని అందరి అభిప్రాయం. చిక్కని పదార్థం ఒకటి, పలుచని పదార్థం ఒకటి పంపగలరు. లెక్కల విభాగం వారు తాము విడిగా పరిశీలిస్తామంటున్నారు, కనుక రెండేసి పంపగలరు.

ఇట్లు,
ఫిర్యాదుల అధికారి

తా.క. ఉప్పు సరిపోయింది. ఇది ఫిర్యాదుకు సంబంధించిన విషయం కాదు.

* * *

బాబూ,

బఠాణీ కూర రెండు, సొరకాయ పులుసు రెండు పంపాను. చాలలేదని గేటు దగ్గర కబురు పెడితే మరో తొమ్మిది పంపాను. కిందటి వారం నుంచి తిరిగి వచ్చిన డబ్బాలు చూశాను. పరిశీలన ఎంత లోతుగా జరిగిందంటే, అడుగున నూనె మరక కూడా మిగల్లేదు. ఒక మూత అంచున పంటిగాట్లున్నాయి. అది మీ పరికరమా, మనిషా? కడిగిన డబ్బా తీసుకోకూడదని మీకు నిబంధన ఉంది. నాలుకతో నాకేసిన డబ్బా తీసుకోనని నేను కూడా ఒక నిబంధన రాసుకుంటాను. ఇప్పటికి పద్నాలుగు డబ్బాలు పంపాను, మూత గురించి ఒక్క ముక్క రాయలేదు మీరు. నా బతుకు సంగతి ఎప్పుడు తేలుస్తారు?

ఇట్లు,
నీలం మూతల కొనుగోలుదారు

తా.క. అసలు మధ్యాహ్నం పూట మీరంతా ఏం తింటున్నారు బాబూ?

* * *

అమ్మా,

అడిగారు కనుక చెబుతున్నాను. ఇక్కడ క్యాంటీన్ ఉండేదట. ఖర్చు తగ్గించాలని నేను రాకముందే మూసేసి, గోడకి ఒక మిషను పెట్టారు. మీట నొక్కితే బిస్కెట్ పొట్లం పడుతుంది. ఒక్కోసారి సగం దాకా వచ్చి ఆగిపోతుంది, అద్దం లోంచి చూస్తూ నిలబడతాం. మీ పులుసు నోట్లో పెట్టుకున్న అచ్చుల విభాగం పెద్దాయన ‘ఈ చెయ్యి నాకు తెలుసు’ అంటూ పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. ఎందుకో నాకర్థం కాలేదు.

కానీ పని పనే. ఇవాళ మూత తిరగేసి చూశాను. ‘వేలెడు ఖాళీ ఉంచండి, గడ్డకట్టేది పొంగుతుంది’ అని అచ్చు వేసి ఉంది. మీరు అంచుదాకా పోశారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస. డబ్బాలో లోపం లేదు కనుక ఫిర్యాదు కొట్టివేయడమైనది.

ఇట్లు,
ఫిర్యాదుల అధికారి

తా.క. అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలుకు నమూనాలు జతచేయాలి. నలభై రెండు మంది పరిశీలిస్తారు. మేనేజరుగారు కారం తక్కువ తింటారు.

* * *

బాబూ,

తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు. లెక్క మాత్రం సరిగ్గా పెట్టావు. డబ్బాలో లోపం లేదని నాకు మొదటి రోజే తెలుసు. ఎందుకంటే మూత మీద మాట నాదే.

పద్దెనిమిదేళ్ళు ఆ క్యాంటీన్‌లో వండాను. నీలం డబ్బా కొత్తగా చేసినప్పుడు పరీక్షించడానికి నా వంటింటికే తెచ్చారు. మూతలు లేస్తుంటే వేలెడు ఖాళీ ఉంచమన్నాను. మేనేజరుగారు ఆ మాటే అచ్చు వేయించారు. క్యాంటీన్ మూసేసినప్పుడు అడుగుదామని వస్తే గేటు బోర్డు చూపించారు. సరే అని మూడు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. మూత లేచిందని రాస్తే మూడోనాడే జవాబు వచ్చింది. మనిషి రోడ్డున పడితే చూసే విభాగం మీకు లేదు, మూతకి ఉంది. ఏడుపొచ్చింది నాకు. ఆ తరవాత కోపమొచ్చింది. అందుకే నమూనాలన్నీ అంచుదాకా పోశాను.

ఇక నమూనాలు లేవు. ఆకలేస్తే క్యాంటీన్ తాళం తియ్యండి.

ఇట్లు,
క్యాంటీన్ అక్కయ్య

తా.క. మేనేజరుగారు కారం తక్కువ తినేది అందరి ముందు. వంటింట్లోకి వచ్చి పచ్చిమిరపకాయలు అడిగి తీసుకునేవారు. గేటు ఆయనని ఏమీ అనకండి. నోరు విప్పకుండా ఉండటానికి రోజూ ఆయనకొక డబ్బా విడిగా ఇచ్చాను.

* * *

అక్కయ్యగారికి,

మీ ఉత్తరం మేనేజరుగారు నిలబడే చదివారు. తా.క. రెండుసార్లు చదివి, తలుపు వేసుకుని కాసేపు లోపలే ఉండి, ఒక వస్తువు ఫిర్యాదుల అధికారి బల్ల మీద పెట్టి వెళ్ళారు.

మీ డబ్బా ఒకటి తిరిగి పంపుతున్నాం. ఈసారి కడిగాం. లోపల ఉన్నది క్యాంటీన్ తాళంచెవి. మిగతాదంతా ఖాళీగానే ఉంచాం.

ఇట్లు,
పరిశీలన విభాగం, నలభై రెండు మందిమి

తా.క. రేపు ఏం కూర?